హెన్రీ భార్యలు ఆరుగురు... మరి మన గున్నమ్మ?

ఇంగ్లాండు రాజు ఎనిమిదో హెన్రీకి ఎంతమంది భార్యలు? ఈ ప్రశ్న ఇంగ్లీషు మీడియం చదివే పిల్లల్ని అడిగి చూడండి. చాలామంది టకీమని "ఆరుగురు" అనేస్తారు. లండన్ ఏ నది ఒడ్డున ఉందంటే థేమ్స్ అంటారు. బిగ్ బెన్ అంటే గడియారం కాదు, దాని లోపలి గంట పేరు అని మనల్నే సరిదిద్దే గడుగ్గాయిలు కూడా ఉన్నారు. సంతోషమే. పిల్లలకి నాలుగు సంగతులు తెలియడం ఎప్పుడూ మంచిదే.

ఆ పిల్లల్నే ఇంకో ప్రశ్న అడగండి. మందస రైతుల కోసం పోలీసుల తుపాకులకి ఎదురు నిలిచి ప్రాణాలొదిలిన ఆడమనిషి ఎవరు? తల గోక్కుంటారు. పిల్లల దాకా ఎందుకు, మన పలాసలో, టెక్కలిలో డిగ్రీలు చదివిన తల్లులం ఎంతమందిమి వెంటనే చెప్పగలం? మందస అనగానే మనకి కోవా గుర్తొస్తుంది. మందస కోవా బాగుంటుంది, కాదనను. కానీ ఒక ఊరి గురించి మనకి తెలిసినదంతా నాలిక మీద రుచేనా?

జనరల్ నాలెడ్జి అనే మాటలో 'జనరల్' అంటే అందరిదీ అని. మరి ఆ 'అందరి'లో మనం ఎక్కడున్నాం? ఇదే నా ప్రశ్న.

ఇంగ్లీషు వాళ్ళ సంగతులు తెలుసుకోవద్దని నేననను. తెలుసుకోక తప్పని వాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. మా చుట్టాలమ్మాయి ఒకతె పెళ్ళయి ఇంగ్లాండులో ఉంటోంది. అక్కడ స్థిరపడాలన్నా, పౌరసత్వం కావాలన్నా 'లైఫ్ ఇన్ ద యూకే' అనే పరీక్ష రాయాలి. 2005లో పౌరసత్వం కోరేవాళ్ళకి మొదలుపెట్టారు, 2007 నుంచి అక్కడ శాశ్వతంగా ఉండిపోవాలనుకునే వాళ్ళకి కూడా పెట్టారు. 45 నిమిషాలు, 24 ప్రశ్నలు, కనీసం 18 సరిగ్గా రాయాలి. రాజులు, యుద్ధాలు, పండగలు, పార్లమెంటు, ఆటలు అన్నీ అందులో వస్తాయి. హెన్రీ గారి ఆరుగురు భార్యలు కూడా. "పిన్నీ, ఆరుగుర్లో ఇద్దరికి తల తీయించాడు, ఇద్దరికి విడాకులు ఇచ్చాడు. వంట చేసుకుంటూ ఈ పేర్లు బట్టీ పడుతున్నాను" అని ఫోనులో నవ్వింది. నాకు నవ్వుతో పాటు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. తన చరిత్ర తెలియనివాళ్ళని ఇంట్లోకి రానివ్వనంటోంది ఆ దేశం. మనమేమో మన ఇంట్లో పుట్టిన పిల్లలకే మన చరిత్ర చెప్పడం లేదు.

అసలు వాళ్ళు తమ వారసత్వాన్ని ఎలా కాపాడుకుంటారో చూస్తే ముచ్చటేస్తుంది. పాత ఇళ్ళు, తోటలు, సముద్రపు ఒడ్డులు అందరి కోసం కాపాడాలని 1895లో అక్కడ 'నేషనల్ ట్రస్టు' పెట్టారు. దాన్ని స్థాపించిన ముగ్గురిలో ఒకరు ఆక్టేవియా హిల్ అనే ఆవిడ. పేదల ఇళ్ళు బాగుండాలని, పేద పిల్లలకి కూడా పచ్చని చెట్టూ గాలీ దక్కాలని జీవితమంతా పాటుపడిన మనిషి. అంతకు ముందే, 1866లో, పేరున్నవాళ్ళు కాపురమున్న ఇళ్ళ గోడలకి గుర్తుగా పలకలు బిగించాలని లండన్‌లో ఒక ఏర్పాటు మొదలైంది. ఇప్పుడవి నీలి పలకలుగా ప్రసిద్ధి. ఫలానా ఇంట్లో ఫలానా కవి ఉన్నాడు, ఫలానా శాస్త్రవేత్త ఉన్నాడు అని దారిన పోయేవాళ్ళకి గోడే చెబుతుంది. మన అంబేడ్కర్‌కీ, గాంధీగారికీ కూడా అక్కడ అలాంటి పలకలున్నాయి.

అయితే ఆడవాళ్ళని మరిచిపోవడంలో మాత్రం వాళ్ళూ మనలాంటి వాళ్ళే! లండన్‌లో తొమ్మిది వందల పైచిలుకు పలకలుంటే అందులో స్త్రీలవి నూటికి 13 మాత్రమేనని 2016లో ఆ పని చూసే 'ఇంగ్లీష్ హెరిటేజ్' సంస్థే లెక్క చెప్పి, ఆడవాళ్ళ పేర్లు పంపండి అని జనాన్ని అడిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున గూఢచారిగా పనిచేసి, 1944లో జర్మన్ల చేతిలో ప్రాణాలు కోల్పోయిన నూర్ ఇనాయత్ ఖాన్, టిప్పు సుల్తాన్ వంశీకురాలు. ఆమెకి 2020లో పలక పెట్టారు. భారత సంతతి స్త్రీకి దక్కిన మొదటి నీలి పలక అదే. వాళ్ళ పార్లమెంటు ఎదుట చౌకులో మగవాళ్ళ విగ్రహాలు వరసగా ఉన్నా, మొదటి స్త్రీ విగ్రహం 2018లో గానీ రాలేదు. ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన మిలిసెంట్ ఫాసెట్‌ది అది. ఆలస్యమైనా లోపాన్ని లెక్కగట్టి చూసుకున్నారు, దిద్దుకుంటున్నారు. మెచ్చుకోవలసింది అదీ.

ఇక్కడ ఇంకో తమాషా సంగతి. ఇంగ్లీషుతనం అంటే ఏమిటని అడిగితే వాళ్ళు మొదట చెప్పేది టీ. కానీ ఆ టీ వాళ్ళ నేల మీద పుట్టిందా? చైనా నుంచి వచ్చింది. దాన్ని రాజుగారి ఇంట అలవాటు చేసింది, 1662లో రెండో ఛార్లెస్‌ని పెళ్ళాడి వచ్చిన పోర్చుగీసు రాకుమారి కేథరిన్. ఆవిడ కట్నంలో భాగంగా వచ్చిందే మన బొంబాయి! ఊళ్ళకి ఊళ్ళు కట్నంగా ఇచ్చి పుచ్చుకోవడం మన దగ్గరే అనుకుంటాం గానీ, దొరలేం తక్కువ తినలేదు. ఇంగ్లాండుని కాపాడే పుణ్యపురుషుడు సెయింట్ జార్జి ఇప్పటి టర్కీ ప్రాంతం వాడని చెబుతారు. ఆయన ఇంగ్లాండులో అడుగుపెట్టిన దాఖలాలు లేవు. రాజకుటుంబం పేరు కూడా 1917 దాకా జర్మన్ పేరే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీతో పోరు నడుస్తుంటే బాగుండదని 'విండ్సర్' అని మార్చుకున్నారు.

నేను ఎగతాళికి చెప్పడం లేదు. జాతి గుర్తింపు అనేది ఆకాశం నుంచి ఊడిపడేది కాదని చెప్పడానికే. బయటినుంచి వచ్చినదాన్ని తమ చేత్తో పెంచుకుని, తమ కష్టం కలిపి, 'ఇది మాది' అనుకుంటారు జనం. మన ఉద్దానమూ అంతే కదా! ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దలంటారు. ఆ తోటల్లో కొబ్బరి పక్కన కనిపించే జీడిమామిడి మన చెట్టు కాదు. బ్రెజిల్ దేశపు చెట్టు. పోర్చుగీసు వాళ్ళు పదహారో శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. ఇవాళ 'పలాస జీడిపప్పు' అంటే ఎక్కడెక్కడి వాళ్ళకో నోరూరుతుంది. దాన్ని మనది చేసింది ఎవరు? తెచ్చిన పోర్చుగీసు వాడా? కానే కాదు. జీడిపిక్కల రసం తగిలి చేతులు నల్లబడి, బొబ్బలెక్కినా, పిక్క కొట్టి, పొట్టు తీసి, పప్పు విరగకుండా ఏరిన మన ఆడవాళ్ళు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి జీడి, కొబ్బరి తోటలు కూకటివేళ్ళతో కూలిపోతే, మళ్ళీ మొక్క నాటుకున్న రైతు కుటుంబాలు. వారసత్వం అంటే అదీ.

రైలు సంగతీ అంతే. "ఎంత తిట్టుకున్నా ఇంగ్లీషోడే కదమ్మా రైలు వేసింది" అనే మాట మన ఇళ్ళలో తరచు వింటాం. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి వెళ్ళే రైలునే తీసుకోండి. దాన్ని వేయించింది పర్లాకిమిడి రాజావారు, సంస్థానం సొమ్ముతో. తెల్లదొరలు అనుమతి ఇచ్చారు. 1900 ఏప్రిల్ 1న ఆ చిన్న రైలు నడిచింది. సంస్థానం సొమ్మంటే ఏమిటి? రైతులు కట్టిన శిస్తు. కాబట్టి ఈ ప్రాంతంలో పొలం దున్నిన ప్రతి ఇంటి చెమట కూడా ఆ పట్టాల కింద ఉంది. ఈ సంగతి ఏ జి.కె. పుస్తకంలోనూ నా కంటపడలేదు.

ఏప్రిల్ 1 అన్నాను కదా, ఆ రోజున మన పిల్లలు ఏం చేస్తారు? 'ఏప్రిల్ ఫూల్' అని గెంతుతారు. అదీ దొరల దగ్గర నేర్చుకున్నదే. కానీ అదే తేదీ మన నేలకి మూడుసార్లు గుర్తుంచుకోదగ్గ రోజు. 1900లో రైలు వచ్చింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అటు వెళ్ళింది, టెక్కలి, మందస, సోంపేట ఇటు మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. గీత గీశారు గానీ ఇళ్ళని గీయగలరా? ఇప్పటికీ మన పల్లెల్లో అత్తగారు ఒడియాలో పిలిస్తే కోడలు తెలుగులో పలుకుతుంది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది. భాష ఒకటయితేనే మనవాళ్ళు అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇక మూడోది 1940 ఏప్రిల్ 1. గున్నమ్మ రోజు.

అప్పటి రోజులు ఒక్కసారి తలుచుకోండి. మందస జమీందారీ. పైన దొరల ప్రభుత్వం, మధ్యన జమీందారు, కింద రైతు. అడవి కళ్ళెదుట ఉంటుంది. పొయ్యిలోకి పుల్ల కావాలన్నా, నాగలికి కర్ర కావాలన్నా సంస్థానం అధికారులు అడ్డం. పొయ్యి వెలగకపోతే మొదట ఎవరికి బాధో మనకి వేరే చెప్పాలా? ఆ ఏడు మార్చి నెలలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. దేశం నలుమూలల నుంచీ రైతు నాయకులు వచ్చారు. రైతులకి ధైర్యం వచ్చింది. అడవి మీద తమకి హక్కుందన్నారు. ఆ కొద్ది రోజులకే గుడారి రాజమణిపురంలో పోలీసులు రైతుల్ని అరెస్టు చేసి పట్టుకుపోతుంటే ఆడవాళ్ళు అడ్డం వెళ్ళారు. వాళ్ళ ముందు నిలిచింది సాసుమాన గున్నమ్మ. పోలీసులు కాల్పులు జరిపారు. గున్నమ్మ, ఆమెతో పాటు మరికొందరు నేలకొరిగారు. ఆ ఊరిని ఇప్పుడు వీరగున్నమ్మపురం అంటారు.

ఇప్పుడు ఈ సంగతి పక్కన ఇంగ్లీషు వాళ్ళ చరిత్రలోని ఇంకో సంగతి పెట్టి చూద్దాం. వాళ్ళు ఎంతో గర్వంగా చెప్పుకునేది 1215 నాటి మాగ్నా కార్టా. రాజు కూడా చట్టానికి లోబడాలని రాయించుకున్న కాగితం. ఇష్టం లేని విధవరాలికి బలవంతంగా మళ్ళీ పెళ్ళి చేయరాదని కూడా అందులో ఉంది. దానికి తోబుట్టువులాంటిది 1217 నాటి అడవి శాసనం. రాజుగారి అడవుల్లో స్వేచ్ఛగల మనుషులకి పశువులు మేపుకునే హక్కులాంటివి అందులో ఒప్పుకున్నారు. అడవిలో జింకని చంపినందుకు ఎవడి ప్రాణం గానీ, కాలూ చెయ్యీ గానీ తీయరాదని రాసుకున్నారు. జింకకి బదులు మనిషి ప్రాణం తీయకూడదని 1217లోనే అనుకున్న జాతి అది. 723 ఏళ్ళ తరవాత, ఆ జాతే ఏలుతున్న మందసలో అడవి హక్కు అడిగిన రైతుల మీద, వాళ్ళ కోసం అడ్డం నిలిచిన ఆడమనిషి మీద తుపాకి పేలింది. తమ ఇంట్లో పూజించుకునే న్యాయాన్ని మన వాకిట్లోకి రానివ్వలేదు.

అందుకే అంటాను, రెండూ తెలియాలి. మాగ్నా కార్టా ఒక్కటే చదివిన పిల్ల దొరలు ఎంత గొప్పవాళ్ళో అనుకుంటుంది. గున్నమ్మ కథ ఒక్కటే విన్న పిల్ల వాళ్ళంతా రాక్షసులనుకుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకున్న పిల్లకి ఆలోచన పుడుతుంది. హక్కు రాసుకోవడం వేరు, అందరికీ ఇవ్వడం వేరు అని తెలుస్తుంది. రేపు మన సొంత ప్రభుత్వాలు చేసే పనుల్ని కూడా ఆ కంటితోనే చూస్తుంది. అలా చూసే పిల్ల ఒక్కతి ఉన్నా ఆ ఇంటికి మేలే.

జీడిపప్పు పనికి వెళ్ళే ఒక పెద్దావిడతో ఓసారి ఈ మాట ఎత్తితే ఆమె అంది: "నాను పుట్టకముందు సంగతమ్మా అది. మా యమ్మ సెప్పీది. పోలీసోలొచ్చి మగోల్ని పట్టుకుపోతంటే ఆడోల్లు ఎదురెల్లేరట. మాకు సదువు నేదు గానీ, అది మాత్రం మర్సిపోనేదు." చదువులేని ఆవిడకి గుర్తుంది. చదువుకున్న మనకి గుర్తులేదు! చదువు అంటే మరిచిపోవడమా?

"ఇవన్నీ ఉద్యోగాలకి పనికొస్తాయా?" అని కొందరు తల్లులు అడుగుతారు. వాళ్ళ తాపత్రయం నాకు అర్థమవుతుంది. ఫీజులు కట్టేది పిల్లలు బాగుపడాలనే. ఒక సంగతి మాత్రం గుర్తుచేస్తాను. మన రాష్ట్రంలో గ్రూపు పరీక్షలు రాసేవాళ్ళు ఆంధ్రదేశ చరిత్ర చదవాలి. కాబట్టి ఉద్యోగం కోణంలో చూసినా నష్టం లేదు. ఇక లాభం కోణం కాకుండా చూస్తే, హైదరాబాదో, లండనో వెళ్ళిన మన పిల్లని "మీది ఏ ఊరు?" అని అడిగితే, "మీరు విని ఉండరులెండి, వెనకబడ్డ జిల్లా" అని తల దించుకోకూడదు. "మాది వీరగున్నమ్మ పుట్టిన సీమ" అనాలి. ఉప్పు మీద పన్ను వేసిన ప్రభుత్వాన్ని 1930లో ఎదిరించిన వాళ్ళలో బారువ వాడైన గౌతు లచ్చన్న ఉన్నాడని చెప్పాలి. నౌపడ ఉప్పు కొఠార్ల పక్కన బతుకుతూ ఉప్పుకి సర్కారు పన్ను కట్టుకోవడం ఎంత విడ్డూరమో చెప్పాలి. అలా చెప్పే పిల్లకి ఇంగ్లీషు కూడా ధాటిగానే వస్తుంది. చెప్పడానికి తనదంటూ ఒక మాట ఉంటుంది కదా!

ఇంకొందరు "బళ్ళో చెప్పాలి గానీ మేమెక్కడ చెప్పగలం, మాకే తెలియదు" అంటారు. బళ్ళో చెబితే మంచిదే. బడిపంతుళ్ళని అడుగుదాం, క్విజ్ పోటీల్లో పది ప్రశ్నలుంటే రెండు మన ఊరివి పెట్టమందాం. అంతదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. వారానికి ఒక్క ప్రశ్న. మన వీధికి ఆ పేరు ఎందుకొచ్చింది? శ్రీకాకుళం జిల్లా ఎప్పుడు ఏర్పడింది? (1950 ఆగస్టు 15న.) దొరలు శ్రీకాకుళాన్ని 'చికాకోల్' అని ఎందుకు రాసేవారు? అమ్మమ్మ పెళ్ళినాటికి ఊరికి రైలుందా, బస్సుందా? నానమ్మ రోజుకి ఎన్ని పిక్కలు కొట్టేది, కూలి ఎంత? జవాబులు పుస్తకాల్లో దొరక్కపోతే పిల్లల్నే ముసలివాళ్ళ దగ్గరికి పంపండి. ముసలివాళ్ళకి మాట్లాడే మనిషి దొరుకుతారు, పిల్లలకి పుస్తకంలో లేని పాఠం దొరుకుతుంది. ఆ నోటుబుక్కులో ఆడవాళ్ళ పేర్లు ఎన్ని, మగవాళ్ళవి ఎన్ని అని ఏడాదికోసారి లెక్క చూసుకోండి. లండన్‌లో నూటికి పదమూడు తేలినట్టు మన లెక్క ఎంత తేలుతుందో!

ఇక మహిళా మండళ్ళకి, డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్ళకి నా మనవి ఒకటి. పొదుపు డబ్బుల లెక్కలు ఇంత పద్ధతిగా రాయగలిగిన మనం, ఊళ్ళో గోడ మీద ఒక పలక రాయించలేమా? పెద్ద ఖర్చు కాదు. మంత్రసాని పని చేసి ఊళ్ళో సగంమందిని ఈ లోకంలోకి తెచ్చిన ఆవిడ ఇల్లు, ఊళ్ళో మొదట బడికి వెళ్ళిన ఆడపిల్ల ఇల్లు, తుఫాను రాత్రి పదిమందికి గంజి కాచి పోసిన ఇల్లు, ఇలాంటివి ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. పేరు, సంవత్సరం, ఒక్క వాక్యం, తెలుగులో. ఒడియా మాట్లాడే ఊరైతే ఒడియాలో కూడా. ఇంగ్లీషు వాళ్ళని చూసి టీ తాగడం నేర్చుకున్నాం, రైలెక్కడం నేర్చుకున్నాం. వాళ్ళని చూసి ఈ ఒక్క మంచిపని కూడా నేర్చుకుంటే తప్పేముంది?

వచ్చే ఏప్రిల్ 1న పిల్లలు 'ఫూల్' అంటూ వస్తే కోప్పడకండి. నవ్వేసి, దగ్గర కూర్చోబెట్టుకుని గున్నమ్మ కథ చెప్పండి. వీలైతే అందరూ కలిసి వీరగున్నమ్మపురం వెళ్ళి రండి. పలాస నుంచి దూరమేమీ కాదు. వచ్చేటప్పుడు మందసలో ఆగి పిల్లలకి కోవా కూడా కొనిపెట్టండి.